పిలుపునకును చేయూతకును నడుమ

తల్లినో తండ్రినో వృద్ధాశ్రమమున చేర్పదలచి విచారించుటకు వచ్చిన కుటుంబీకులు అడుగు ప్రశ్నలు రమారమి ఒకే తీరున నుండును. భోజనము శాకాహారమా, తెల్లవారగానే కాఫీ ఇత్తురా, డాక్టరు వారమున కెన్నిమార్లు వచ్చును, పూజగది కలదా, అమెరికాలోని అబ్బాయి వీడియోలో మాటాడుటకు వైఫై ఉన్నదా, నెలకెంత, అడ్వాన్సెంత అని వారు శ్రద్ధగా తెలిసికొందురు. ఇవన్నియు అడుగదగిన ప్రశ్నలే. కాని రాత్రి రెండుగంటలవేళ మా అమ్మకు బాత్రూమునకు పోవలసి వచ్చి పిలిచినచో ఎవరు వత్తురు, ఎంతసేపటికి వత్తురు, వచ్చినవారు ఆమెను ఏ విధమున లేపుదురు అను ప్రశ్న వినబడుట మిక్కిలి అరుదు. అడుగుటకు వీరికి సంకోచము. అడిగినచో చెప్పుటకు నిర్వాహకునకు అంతకు మించిన సంకోచము. ఈ ఉభయ సంకోచముల చాటున, పరాధీనుడైన వృద్ధుని దినచర్యలో అన్నింటికంటె ఎక్కువమార్లు సంభవించునదియు, అన్నింటికంటె ఎక్కువ అవమానమునకు తావిచ్చునదియు నగు విషయము చర్చకు రాకయే మరుగుపడి యున్నది.

ఈ వ్యాసమున పరిశీలింపబూనినది ఆ విషయమే. సంరక్షణాలయములయందు స్వయముగా లేచి నడువలేని వృద్ధులకు శౌచసహాయము సకాలమున అందుచున్నదా అనునది ఒక ప్రశ్న; అట్టివారిని లేపి దింపు యంత్రములు పనివేళకు సిద్ధముగా ఉండుచున్నవా అనునది రెండవ ప్రశ్న. వైద్యులు మొదటిదానిని మూత్రవ్యాధుల ప్రకరణమునను, ఇంజనీర్లు రెండవదానిని ఉపకరణముల ప్రకరణమునను చర్చింతురు గాని, నా దృష్టిలో ఈ రెండును ఒకే ప్రశ్న. దేహవేగమునకు తొందర యెక్కువ. యంత్రమునకు నిదాన మెక్కువ. వేగము పుట్టిన తరువాత యంత్రమును వెదకబోవువాడు ఎన్నడును సమయమునకు చేరుకొనజాలడు. కావున ముందే తెలిసికొని, ముందే వచ్చి, ముందే లేపు ఏర్పాటు లేనిచోట యంత్రమున్నను వ్యర్థము; యంత్రము సిద్ధముగా లేనిచోట ఆ ఏర్పాటు మంచము పట్టినవారి విషయమున కాగితము దాటి రాదు.

ఈ విచారణకు నాదర్‌గుల్ ప్రాంతమును ఆధారముగా గైకొనుట యుక్తమని తోచినది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్‌ల జనసమ్మర్దమును దాటి, సాగర్ రహదారిని విడిచి బాలాపూర్ వైపు మరలినచో వచ్చు ఈ ఊరు రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలమునందలి పూర్వపు వ్యవసాయగ్రామము. శిక్షణవిమానములు దిగి లేచు చిన్న విమానక్షేత్రముచేత కొంత పేరుగాంచినది. నేడచట పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు ఇండ్లయినవి, ఆ ఇండ్లలో కొన్ని అద్దెకు పోయి వృద్ధాశ్రమములైనవి. మహానగరమున ఈ తరహా ఆశ్రమములు శివార్లను వెదకికొనుటకు కారణము దురూహ్యము కాదు. అద్దె తక్కువ, నాలుగు చెట్లు నాటుటకు ఆవరణ దొరకును, ఎల్బీనగరులోని పెద్దాసుపత్రులకు అంబులెన్సు దూరమున నుండును, 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగరు వరకు మెట్రో రైలు వచ్చిన పిమ్మట నగరమునందలి బంధువులు ఆదివారము వచ్చిపోవుటకును వీలు కలిగినది. కాని ఆ ఇండ్లు కట్టినవారు తమ కుటుంబము కొరకు కట్టుకొన్నారే గాని, ఇరువదిమంది నడువలేనివారి కొరకు కట్టలేదు. ఈ చిన్న సంగతినుండి పెక్కు కష్టములు పుట్టుచున్నవి. వానిని ముందు ముందు చూతము.

శరీరధర్మముతో ఆరంభింతము. దేహవేగములను ఆపరాదన్న హితవు మనకు క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము దీనితోనే ఆరంభమగుచున్నది. ఆపగూడని వేగములు పదుమూడని లెక్కించి, మూత్రపురీషములను ఆ పట్టికకు మొదట నిలిపి, ఆపినందువలన కలుగు బాధలను ఆ గ్రంథకర్త విడివిడిగా వివరించినాడు. అయితే ఆ హితవు తన కాళ్లపై తాను నిలువగలవానికి చెప్పినది. ఆధునిక వృద్ధవైద్యము గుర్తించిన విశేషమేమనగా, ఆశ్రమములలో బట్టలు తడుపుకొనుచున్నవారిలో పలువురకు మూత్రాశయము మరీ అంత చెడి యుండదు. చెడినవి మోకాళ్లు, కన్నులు, జ్ఞాపకశక్తి. పక్షవాతము వచ్చిన చేయి పైజమా బొందు విప్పలేదు; పార్కిన్సన్ వ్యాధి గల పాదము గడప దగ్గర అతుకుకొని కదలదు; మతిమరుపు ముదిరిన ముసలమ్మకు బాత్రూము ఎటునున్నదో తోచదు; రక్తపోటుకో గుండెకో ఇచ్చిన నీటిబిళ్ల రెండుగంటలలో నాలుగుమార్లు లేపును. ఇట్టివారు సహాయము ఐదు నిమిషములు ముందు వచ్చిన పొడిగా నుందురు, ఐదు నిమిషములు ఆలస్యమైన తడిసిపోదురు. తడియుట వారి రోగము కాదనియు, ఆ ఐదు నిమిషముల ఫలితమనియు గ్రహించుట ఈ విషయమున మొదటి మెట్టు.

రెండవ సంగతి మరింత విచారకరము. పిలిచినచో విసుగుకొందురను భయముచేత పలువురు వృద్ధులు నీరు త్రాగుట తగ్గించుకొందురు. సాయంత్రము టీ మానుదురు, రాత్రి మజ్జిగ మానుదురు. హైదరాబాదు మేమాసపు ఎండలో ఈ స్వయంకృత నిర్జలవ్రతము ఏమి చేయునో చెప్పనక్కరలేదు: మలబద్ధకము, మూత్రమున మంట, జ్వరము, ఒక్కొక్కప్పుడు రాత్రికి రాత్రే మతిభ్రమ. అప్పుడాసుపత్రికి పోవుదురు, అచట క్యాథెటర్ వేయుదురు, తిరిగి వచ్చునప్పుడు ఆ గొట్టముతోనే వత్తురు, అది ఉన్నన్నాళ్లు క్రొత్త ఇన్‌ఫెక్షనుకు తలుపు తెరచియే యుండును. ఈ గొలుసునకు మొదటి కొలికి ఒక రాత్రి వినబడని కాలింగ్ బెల్.

ఏ ఆశ్రమమునందైనను ఉదయము ఆరున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు గల కాలమును ఒక మూల కూర్చుండి చూచినవారికి ఈ ప్రశ్న యొక్క నిజస్వరూపము బోధపడును. కాఫీయో టిఫినో కడుపున పడిన కొంతసేపటికి పెద్దప్రేగు కదలుట శరీరధర్మము. అది అందరికిని ఒకే వేళకు కాఫీ ఇచ్చిన ఇంట అందరికిని ఒకే వేళకు కదలును. బాత్రూములు రెండు, ఆయాలు ఇద్దరు, అందొకరు వంటింటిలో ప్లేట్లు అందించుచుందురు. ఒకామె లోపల కమోడ్ మీద, మరియొకామె వీల్‌చైర్‌లో తలుపు వెలుపల, మూడవవారు మంచముపై చేయెత్తి పిలుచుచు, నాలుగవ ముసలాయన పిలువక గోడవైపు తిరిగి. ఆ ముసలాయన తడిసియున్న సంగతి పదకొండింటికి పక్కబట్టలు మార్చునప్పుడు గాని తెలియదు. ఇందు ఆయాను నిందింప వీలులేదు. టిఫిను వేళను రెండు జట్లుగా విడదీసి, సగముమందికి ఏడింటికి, సగముమందికి ఏడున్నరకు పెట్టినచో ఈ రద్దీలో కొంత తగ్గును. ఇది పైసా ఖర్చు లేని మార్పు.

అమెరికాలో 1980, 90 దశకములందు జాన్ ష్నెల్, జోసెఫ్ ఆస్లాండర్ మున్నగు పరిశోధకులు నర్సింగ్ హోములలో చేసిన కృషి ఈ విషయమున మూలస్తంభము వంటిది. పగటివేళ రెండేసి గంటల కొకమారు ప్రతి వ్యక్తి దగ్గరకును పోయి, పొడిగా నున్నారా అని విచారించి, బాత్రూమునకు పోదామా అని అడిగి, ఒప్పుకొన్నచో తోడ్కొనిపోయి, పొడిగా ఉన్నందుకు ఒక మంచిమాట పలుకుట వారి పద్ధతి. తడియువారిలో నూటికి 25 నుండి 40 మంది వరకు ఈ పద్ధతికి చక్కగా లొంగుదురనియు, వారెవరో మూడుదినముల పరీక్షతోనే తేలిపోవుననియు వారు నిరూపించిరి. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. అయినను ఈ కథకు ఉత్తరార్ధము కలదు. పరిశోధకులు ఉన్నంతకాలము పొడిగా నున్నవారు, పరిశోధకులు వెడలిపోయి పని మామూలు సిబ్బంది చేతులలో పడగానే మరల తడియసాగిరి. చేతులు చాలకపోవుట ఒక కారణము. చేసినారో లేదో చూచువారు లేకపోవుట రెండవది. ఆ దేశమునకే అట్లు సంభవించినప్పుడు, పద్ధతిని పుస్తకమునుండి దించి గోడకు అంటించినంత మాత్రమున నాదర్‌గుల్‌లో నడచునని భ్రమపడరాదు.

అడుగు తీరునందును కొంత నేర్పు కావలెను. "అమ్మమ్మా, బాత్రూంకు పోతవా?" అని గుమ్మమునుండి కేకవేసి అడిగినచో, పదిమంది ఎదుట ఆ ముసలమ్మ "వద్దు బిడ్డా, ఇప్పుడే గద పోయొచ్చిన" అనును, అబద్ధమని ఇద్దరికిని తెలియును. దగ్గరకు వచ్చి, చేయి పట్టి, మెల్లగా "లే అమ్మమ్మా, ఒక్కపారి పోయొద్దాం" అన్నచో లేచును. ఈ భేదము ఏ శిక్షణగ్రంథమునను వ్రాయబడి యుండకపోవచ్చును గాని, నాలుగేండ్లు పని చేసిన ఆయాకు ఎరుకయే.

ఇక డైపరు మాట. దానిని దూషించుట నా అభిమతము కాదు. రాత్రివేళ గాఢనిద్రలోనున్న వృద్ధుని మూడుమార్లు లేపుటకంటె మంచి డైపరు వేసి పండుకొననిచ్చుట మేలు, ప్రయాణమున అది వరము. ఆక్షేపణీయమైనది దానిని చేయూతకు బదులుగా వాడుట. "డైపర్ ఉన్నది గదమ్మా, అండ్లనే పో" అను మాట మన ఆశ్రమములలోను, ఆ మాటకు వస్తే ఇండ్లలోను, ఎంత సులభముగా నోట వచ్చునో అందరికిని తెలిసినదే. వేగమును గుర్తించి, ఆపుకొని, పిలిచి అడుగగలిగిన మనిషికి ఆ మాట చెప్పుట యనగా, ఇంకను మిగిలియున్న శక్తిని విడువుమని ఆదేశించుటయే. కొన్ని వారములలో ఆమె పిలుచుట మానును, మరి కొన్ని వారములలో గుర్తించుటయు మానును. అటుపిమ్మట ఆమెను కాగితములపై అదుపు లేని రోగిగా వ్రాసికొందురు. దానికి తోడు, పాకెట్టు ఎక్కువనాళ్లు వచ్చునని దినమునకు రెండింటితో సరిపుచ్చు చోట్ల తొడలు ఒరసికొని, నడుము దిగువ చర్మము నాని, పడకపుండుకు పునాది పడును. ఆ పుండు మానుటకయ్యెడి ఖర్చుతో ఏడాదికి సరిపడు డైపర్లును, ఒక ఆయా కొన్ని నెలల జీతమును వచ్చును.

నిలువగలవారికి చేయి చాలును. నిలువలేనివారి సంగతి యేమి? వారి కొరకే ఎత్తు యంత్రములు పుట్టినవి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఓష్‌కోష్ నివాసి టెడ్ హోయర్ కారు ప్రమాదమున కాలుసేతులు చచ్చుపడిన తన యవసరము కొరకే 1940 దశకమున రూపొందించిన పంపుయంత్రము, కారును లేపు జాకీ ధర్మముననుసరించి, మనిషిని గుడ్డజోలెలో కూర్చుండబెట్టి పైకెత్తును. నేటికిని ఆయన పేరిటనే దానిని పిలుచువారు కలరు. నేడు చేతిపంపుకు బదులు బ్యాటరీ వచ్చినది. నేలపై చక్రములతో నడచునవి, పైకప్పునకు బిగించిన పట్టాపై జరుగునవి, కొంతమేర కాళ్లపై బరువు మోపగలవారిని మోకాళ్లకు ఆనికనిచ్చి నిలువబెట్టునవి అను మూడు రకములు ప్రధానముగా వాడుకలో నున్నవి. మన నగరమున కోఠీలోని సర్జికల్ దుకాణములలో పేషెంట్ లిఫ్టు అనిన చూపుదురు; అంతస్తు లెక్కు లిఫ్టు వేరు, ఇది వేరు.

ఈ యంత్రములెందుకు, ఇద్దరు పట్టి లేపిన చాలదా అని ప్రశ్నింపవచ్చును. 2007లో అమెరికా వృత్తిఆరోగ్య సంస్థకు చెందిన టామస్ వాటర్స్ లెక్కకట్టి చెప్పినదేమనగా, అన్నియు అనుకూలముగా నున్నప్పుడు సైతము సంరక్షకుడు రోగి శరీరమునుండి చేతులతో మోయదగిన బరువు 35 పౌనులు, అనగా రమారమి 16 కిలోలు మించరాదు. మన బామ్మ ఎంత చిక్కి యున్నను 45 కిలోలు తూగును. కాలుసేతులు బిగిసియున్నను, భయపడి మెడ పట్టుకొన్నను ఆ బరువు రెట్టింపైనట్లు తోచును. ఆయాల నడుములు విరుగుచున్నవన్న మాట అతిశయోక్తి కాదు. అందుచేతనే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు నర్సులు 1998లో చేతులతో ఎత్తరాదను విధానమును చేపట్టిరి. జపాను ప్రభుత్వము 2013లో సవరించిన నడుమునొప్పి నివారణ సూత్రములలో మనుష్యులను మనుష్యబలముతో ఎత్తుట సాధారణముగా కూడదని వ్రాసినది. చంకల క్రింద చేతులుంచి లాగునప్పుడు ముసలివారి భుజము కీలు తొలగుటయు, పలుచని చర్మము చీరుకుపోవుటయు మనము చూచుచున్నదే.

యంత్రముతో ఒకామెను మంచమునుండి కమోడ్ చైర్ పైకి మార్చు పని ఎట్లుండునో కొంచెము నిదానముగా చూచినగాని సన్నద్ధత యన్న మాటకు అర్థము తెలియదు. మొదట ఆమెను ఒకప్రక్కకు దొర్లించి స్లింగు అను గుడ్డజోలెను వీపు వెంబడి పరచవలెను. మరల రెండవప్రక్కకు దొర్లించి దానిని ఇవతలకు లాగవలెను. కాళ్లపట్టీలను తొడల క్రిందుగా తీసి నడుమ దాటించి, రెండువైపుల ఒకే రంగు ముడులను కొక్కెములకు తగిలింపవలెను. ఒకవైపు పచ్చ ముడి, మరియొకవైపు నీలి ముడి తగిలించినచో ఆమె గాలిలో ఒరిగిపోవును. యంత్రపు కాళ్లను వెడల్పుగా తెరచి, కుర్చీ బ్రేకులు వేసి, ఒకరు మీట నొక్కుచుండగా మరియొకరు ఆమె మోకాళ్లను పట్టి, కళ్లలోకి చూచుచు మాటాడుచుండవలెను. శౌచమునకు వాడు స్లింగు వేరు. పిరుదుల దగ్గర తెరచి యుండుటచే బట్టలు తొలగించుట సులభము గాని, మెడ నిలుపలేనివారికిని, భుజబలము లేనివారికిని అది అపాయకరము. అలవాటుపడిన ఇద్దరికి ఇదంతయు కొన్ని నిమిషముల పని. అలవాటు లేనివారికి పావుగంట. పావుగంటసేపు వేగమును ఆపుకొనుట యౌవనవంతునకే కష్టము. కావుననే మొదట చెప్పితిని, యంత్రమునకు కాలపట్టిక ప్రాణమని.

ఇంతకును యంత్రము కొన్నచోట అది పనిచేయుస్థితిలో ఉండునా? ఇచటనే చాలమంది నిర్వాహకులు పొరబడుదురు. దాత ఒకరు ఇచ్చినదో, విదేశమునుండి కుమారుడు పంపినదో ఒక లిఫ్టు మూలనుండును. దానిపై ఉతికిన దుప్పట్లు ఆరవేసి యుందురు. దాని చార్జరు ఇన్వర్టరు ప్లగ్గు కొరకు ఎప్పుడో తీసివేయబడినది. కరెంటు పోయినప్పుడు గాలిలోనున్న మనిషిని చేతితో మెల్లగా దింపు ఏర్పాటు ఆ యంత్రమునకు కలదని కొనిననాడు చూపిన మనిషి చెప్పినాడు. ఆనాడు విన్న ఆయా పని మానిపోయినది. ఎర్రని అత్యవసర మీట ఎవరో నొక్కి యుండుటచే యంత్రము కదలకపోగా, చెడిపోయినదని ఆరుమాసములు ప్రక్కన పెట్టిన ఇండ్లును ఉండును. స్లింగు ఒక్కటే, అది ఉతికి మేడపై ఆరవేసినప్పుడు యంత్రమునకు సెలవు. వేడినీటను, బ్లీచింగులోను నానబెట్టి ఉతికిన స్లింగు కుట్లు పిగిలి, కొలతల చీటీ చెరిగి, ఎంత బరువు మోయునో తెలియనిదై యుండును. బ్రిటనులో 1998 నాటి నియమములను బట్టి మనుష్యులను ఎత్తు ప్రతి సాధనమును ఆరుమాసముల కొకమారైనను నిపుణునిచే క్షుణ్ణముగా తనిఖీ చేయింపవలెను. స్లింగుకును అదే నియమము. మనకు అట్టి నియమము లేకపోయినను, ప్రతి రాత్రి బ్యాటరీని చార్జింగున పెట్టుట, మనిషికి రెండు స్లింగులుంచుట, నెలకొకమారు కుట్లు లాగి చూచుట, ఎర్ర మీటను గూర్చి క్రొత్తగా చేరిన ప్రతివారికిని చూపుట అను నాలుగు పనులకు ఏ చట్టమును అక్కరలేదు.

ఇప్పుడు ఇండ్ల సంగతికి రావలెను. మన గృహనిర్మాణమున స్నానాలగది నేల గదినేలకంటె పల్లముగా నుండును, నీరు ఇవతలకు రాకుండ గడప ఎత్తుగా నుండును. తలుపు సామాన్యముగా రెండున్నర అడుగులు. కమోడ్ కొన్నిచోట్ల మరియొక మెట్టుపై నిలిపియుందురు. అవయవలోపముగలవారి సౌకర్యార్థము కేంద్రప్రభుత్వము 2021లో వెలువరించిన నిర్మాణసూత్రములు గడప 12 మిల్లీమీటర్లకు మించరాదనియు, తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లుండవలెననియు చెప్పుచున్నవి. నాదర్‌గుల్‌లో అద్దెకు తీసికొన్న ఇంటి గడపను ఆ కొలతతో పోల్చి చూచుట వృథాప్రయాస. లిఫ్టు చక్రములు చిన్నవి. మనిషి వ్రేలాడుచుండగా అవి ఆ గడప దాటవు, దాటింపబూనుట ప్రమాదము. కావున యంత్రము కొనియు బాత్రూముదాక పోలేక, మంచము ప్రక్కనే కమోడ్ చైర్ పెట్టవలసి వచ్చును. అప్పుడు తెర కావలెను, తెర లేనిచో మరల గౌరవమునకు లోటు. చక్రములు గల కమోడ్ చైర్‌ను మంచము దగ్గర నిలిపి, మనిషిని అందు కూర్చుండబెట్టి, గడపకు చిన్న వాలుపలక వేసి, నేరుగా కమోడ్ పైకి నెట్టుకొనిపోవుట మధ్యేమార్గము. అద్దె ఇంటిలో గోడలు పగులగొట్టక చేయదగినది ఇదియే. పట్టుకొనుటకు స్టీలు కడ్డీలు, జారని నేల, రాత్రంతయు వెలుగు చిన్న దీపము అను మూడింటికి ఇంటియజమాని అభ్యంతరము చెప్పడు.

దీపము మాట ఊరక చెప్పలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు ఈ నగరపు 41 వృద్ధాశ్రమములలో 1,182 మందిని పరీక్షించి చూడగా నూటికి 30 మందికి చూపులోపము కనబడినది. అందు అధికభాగము శుక్లముల వలనను, సరియైన కళ్లద్దములు లేమి వలనను కలిగినది, అనగా దిద్దుకొనదగినది. అదే పరిశోధనలో మరియొక భాగమున, గడచిన ఏడాదిలో ఒక్కమారైనను క్రిందపడినామని చెప్పినవారు నూటికి 29 మంది. సహాయము రానందున తానే లేచి, మసక చీకటిలో, ఎత్తు గడప మీదుగా బాత్రూమునకు పోవు మనిషిని తలచుకొన్నచో ఈ రెండు అంకెలు పరస్పరము ఎట్లు కలిసికొనునో ఊహింపవచ్చును. తుంటియెముక విరిగిన పిదప ఆ మనిషి నిలువగలవారి జాబితానుండి లిఫ్టు కావలసినవారి జాబితాకు మారును.

పని చేయువారిని గూర్చి వ్రాయని సమీక్ష అసంపూర్ణము. ఈ ఆశ్రమములలో ఆయాలుగను, వార్డుబాయిలుగను పనిచేయువారు అధికముగా చుట్టుపట్ల జిల్లాల పల్లెలనుండి వచ్చినవారు, శిక్షణ తోటివారిని చూచి నేర్చుకొన్నది, పన్నెండుగంటల డ్యూటీ, రాత్రి తరచుగా ఒక్కరే. లిఫ్టుకు ఇద్దరు కావలెనను నియమము రాత్రి ఒక్కరే ఉన్న ఇంట ఏమగును? యంత్రము మూలనుండును, ఆమె ఒక్కతెయే చంకలు పట్టి లేపును, లేదా తెల్లవారువరకు ఆగుమనును. వృద్ధురాలిని వార్డుబాయి ఎత్తుటకు ఆమె సిగ్గుపడి ఆకలిదప్పులనైనను చంపుకొనును. ఈ సంగతిని పాశ్చాత్యగ్రంథములు తేలికగా దాటవేయును గాని మనకిది పెద్దవిషయము. ఇంకొకటి: ఈ పనిని మన సమాజము ఏ కులములకు అంటగట్టినదో ఎల్లరకు తెలిసినదే. అన్నము పెట్టిన ఆయాకు కృతజ్ఞత చెప్పు కుటుంబము, శుభ్రము చేసిన ఆయాను పేరడుగదు. నర్సమ్మ ఇంజక్షను చేయును గాని బెడ్‌పాన్ అందీయదు; అది మా పని కాదనును. ఈ హెచ్చుతగ్గులున్నంతకాలము శౌచసహాయమను పని ఆశ్రమములో అందరికంటె అలసినవారికిని, అందరికంటె తక్కువ జీతము గలవారికిని మాత్రమే మిగులుచుండును.

చట్టములు ఏమనుచున్నవి? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టపు 19వ విభాగము జిల్లాకొక్కటి చొప్పున, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులు ఉండదగిన ఆశ్రమములను రాష్ట్రములు నెలకొల్పవచ్చునని చెప్పినది. నెలకొల్పి తీరవలెనని చెప్పలేదు. 2018 డిసెంబరు 13న అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు జిల్లాలవారీగా ఆశ్రమముల వివరములు సేకరింపుమని కేంద్రమును ఆదేశించినది. 2019 డిసెంబరులో లోక్‌సభయందు ప్రవేశపెట్టిన సవరణబిల్లు సంరక్షణాలయములకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణములు విధింపబూనినది గాని, చట్టము కాకయే ఆ సభతోపాటు కాలము చెల్లినది. ప్రమాణములు లేనిచోట ఏమి జరుగునో 2020 జనవరిలో కీసర ప్రాంతపు నాగారమునందలి ఒక ఆశ్రమమునుండి పోలీసులు డెబ్బదిమందికి పైగా విడిపించినప్పుడు నగరము చూచినది; కొందరు గొలుసులతో కట్టబడియుండిరి. అట్టి ఘోరములపై పత్రికలు వ్రాయును. రెండుగంటలు తడిగుడ్డలో కూర్చున్న ముసలాయన ఏ పత్రికకును వార్త కాడు.

సహాయోపకరణముల విషయమున ప్రభుత్వము చేసిన పెద్దప్రయత్నము 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ఆరంభమైన రాష్ట్రీయ వయోశ్రీ పథకము. చేతికర్రలు, వాకర్లు, వినికిడియంత్రములు, కళ్లద్దములు, కట్టుడుపండ్లు, వీల్‌చైర్లు పేదవృద్ధులకు పంచిపెట్టిరి; తరువాత కమోడ్ గల కుర్చీలును చేర్చిరి. ఇది మెచ్చదగినది. కాని ఆ జాబితా నడువగలవారిని, కూర్చుండగలవారిని తలచుకొని వేసినది. ఎత్తవలసినవారు అందు లేరు. ఫిర్యాదుల కొరకు 14567 అను హెల్ప్‌లైను కలదు, అది 2017లో మన హైదరాబాదులోనే తొలిసారి నడచి పిదప దేశమంతటను వ్యాపించినది. సమయమునకు బాత్రూముకు తీసికొనిపోలేదని దానికి ఫోను చేయవచ్చునని తెలిసిన వృద్ధు లెందరుందురు?

అమెరికాలో 1987 నాటి నర్సింగ్ హోముల సంస్కరణ చట్టము, దానిననుసరించిన నిబంధనలు, చేరునప్పుడు మూత్రముపై అదుపు గలవానికి ఆ అదుపు నిలిచియుండునట్లు సేవ చేయవలెననియు, పడక దగ్గరను, బాత్రూములోను పిలుపుగంట పనిచేయుచుండవలెననియు శాసించుచున్నవి. మనకు ఆదర్శముగా తీసికొనదగిన మాటలే. అయినను 2024లో అచటి ప్రభుత్వము ఒక్కొక్క నివాసికి దినమునకు 3.48 గంటల సేవ ఉండితీరవలెనని విధింపగా, మరుసటి యేడు టెక్సాసులోని న్యాయస్థానము దానిని కొట్టివేసినది. చేతుల సంఖ్యను నిర్ణయించుటకు ధనిక దేశమునకే ఇంత తటపటాయింపు. 1839లో ఫ్రాన్సున జాన్ జుగాన్ ఒక అంధవృద్ధురాలిని మోసికొనివచ్చి తన పడక నిచ్చి ఆరంభించిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంఘమువారు సికింద్రాబాదులో నడుపు ఆశ్రమము వంటిచోట్ల మతదీక్షయే ఆ చేతులను సమకూర్చినది; అద్దె, జీతములు, కరెంటు బిల్లు చూచుకొని నడుపవలసిన ఆశ్రమమునకు ఆ వెసులుబాటు లేదు.

అట్లయినచో ఒక్కొక్క చిన్న ఆశ్రమము లిఫ్టు కొనలేదు గనుక, నాలుగైదు ఆశ్రమములు కలిసి ఒకదానిని ఉమ్మడిగా కొని, అవసరమైనప్పుడు ఆటోలో తెప్పించుకొనవచ్చునని కొందరు సూచించుచున్నారు. స్నానమునకో, క్రిందపడినవానిని లేపుటకో, ఆసుపత్రినుండి వచ్చినవానిని మంచమునకు మార్చుటకో ఇది చక్కని ఉపాయమే. ఆ పనులు గంట ఆగును. శౌచమునకు మాత్రము ప్రక్కవీధిలోనున్న లిఫ్టు లేనిదానితో సమానము. కావున నిలువలేనివారు ఇద్దరో ముగ్గురో ఉన్న ఆశ్రమము వారిని క్రింది అంతస్తులో, ఒకే గదిలో, వాలుపలక వేసిన బాత్రూము దగ్గర ఉంచి, ఆ గదికి ఒక యంత్రమును, మనిషికి రెండేసి స్లింగులను, రాత్రికి రెండవ ఆయాను ఏర్పరచుకొని, ఆ ఖర్చును ఆ గదివారి నెలసరి రుసుములో చేర్చి, చేర్చుకొనునాడే కుటుంబమునకు స్పష్టముగా చెప్పుట ఉత్తమము. ఆ శక్తి లేని ఆశ్రమము అట్టివారిని చేర్చుకొనక, చేర్చుకొనజాలనని మొగమోటమి లేక చెప్పి, శక్తిగల చోటు చూపుట మేలు. ఆ రెండవ ఆయా జీతము ఆ ముగ్గురి కుటుంబములును పంచుకొన్నచో ఒక్కొక్కరిపై పడునది ఎంతో లెక్కవేసి చూచిన నిర్వాహకులను, ఆ లెక్కను ఎదుట పెట్టగానే విదేశమునందున్న కుమారులలో పలువురు అప్పటికప్పుడే ఒప్పుకొనుటను నేను చూచితిని.